ఓరుగల్లు కోటకు ఒక రోజు: రైలులో, మా అంతట మేము

రెండేళ్ల క్రితం ఒక పర్యాటక బృందంతో కలిసి వరంగల్ వెళ్లాను. తెల్లవారకముందే హైదరాబాదులో బస్సెక్కి, ఒకే రోజులో భద్రకాళి అమ్మవారి గుడి, వేయిస్తంభాల గుడి, కోట, రామప్ప, లక్నవరం చెరువు అన్నీ చుట్టేసి, అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరాము. ఆ రోజు ఓరుగల్లు కోటకు దక్కినవి నలభై నిమిషాలు. తోరణం కింద నిలబడి ఫొటో దిగి, గడ్డిలో వరసగా పేర్చిన శిల్పాల వైపు నాలుగడుగులు వేసేలోపే బస్సు హారన్ వినిపించింది. తరువాత ఒక తీరిక పూట ఫోనులో ఉపగ్రహ చిత్రం తెరిచి వరంగల్‌ను వెతికితే, రైలు పట్టాలకు దక్షిణంగా, పళ్లెంలో పళ్లెం పెట్టినట్టు రెండు గుండ్రటి గీతలు, ఇళ్లనూ పొలాలనూ చుట్టుకుని స్పష్టంగా కనిపించాయి. నేను చూసింది కోటను కాదనీ, ఆ వలయాల నడుమ ఉన్న ఒక ముంగిలిని మాత్రమేననీ అప్పుడు అర్థమైంది. ఈసారి వెళితే కోటకే వెళ్లాలనీ, బయటి గోడ దగ్గర దిగి లోపలికి నడిచి వెళ్లాలనీ ఆ రోజే అనుకున్నాను.

గత డిసెంబరులో నాన్న మా ఇంటికి వచ్చినప్పుడు ఆ ఆలోచన ఆచరణలోకి వచ్చింది. ఆయనకు డెబ్భై ఏళ్లు దగ్గర పడ్డాయి. పొద్దున రెండు గంటలు నడవగలరు కానీ కారులో అయిదారు గంటలు కూర్చోలేరు. అందువల్ల రైలు తప్ప మరో మాట రాలేదు. సికింద్రాబాదు నుంచి వరంగల్ 142 కిలోమీటర్లు. మధ్యలో ఎక్కువ చోట్ల ఆగని రైలయితే రెండు గంటలు, అన్ని చోట్లా ఆగుతూ వెళ్లేదయితే మరో గంట పడుతుంది. ఉదయం వెళ్లి రాత్రికి తిరిగి రావడానికి ఇంతకంటే అనువైన కోట పట్నం మన దగ్గర లేదని నా నమ్మకం.

ప్రణాళిక వేసేటప్పుడు నేను మొదట చేసిన పొరపాటు, పొద్దున ఏ రైలు ఎక్కాలా అని వెతకడం. నాన్న క్యాలెండరు కాగితం వెనక వైపు గీతలు గీస్తూ, "ముందు రాత్రి వచ్చే బండి చూడు బిడ్డా, పొద్దటి సంగతి తర్వాత" అన్నారు. ఆ మాట పట్టుకుని తిరుగు రైలును ముందు ఖాయం చేసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చాము: స్టేషనులో అరగంట ముందు ఉండాలి, అంతకుముందు ఫలానా చోట గంట, దానికి ముందు భోజనం, దానికి ముందు కోట. ఇలా లెక్క కట్టినప్పుడు కోటకు నికరంగా నాలుగు గంటలు మిగిలాయి. ఆ నాలుగు గంటలను ఎవరికీ ఇచ్చేది లేదని నిర్ణయించుకున్నాక, రామప్ప ఆ కాగితం మీద నుంచి దానంతట అదే తొలగిపోయింది. రామప్ప గుడి ఉన్న పాలంపేట వరంగల్‌కు అరవై కిలోమీటర్లకు పైగా దూరం, పైగా అక్కడికి రైలు లేదు. 2021లో ప్రపంచ వారసత్వ హోదా పొందిన ఆ గుడికి విడిగా ఒక రోజు కేటాయించడమే మర్యాద.

తిరుగు రైలు వెతుకుతున్నప్పుడే మా ప్రయాణానికంతటికీ ఆయువుపట్టు లాంటి విషయం ఒకటి బయటపడింది. వరంగల్, హనుమకొండ, కాజీపేట ఒకదానికొకటి అంటుకుని ఒకే నగరంగా ఉన్నా, రైలు పరంగా వరంగల్, కాజీపేట రెండు వేర్వేరు స్టేషన్లు. వాటి మధ్య దూరం పది కిలోమీటర్లు. విజయవాడ వైపు నుంచి హైదరాబాదుకు వచ్చే రైళ్లలో చాలావరకు వరంగల్, కాజీపేటల మీదుగా వస్తాయి. బల్లార్షా, రామగుండం వైపు నుంచి వచ్చే రైళ్లు కాజీపేటలో కలుస్తాయి తప్ప వరంగల్ మొహం చూడవు. ఇక దిల్లీ నుంచి విజయవాడ వెళ్లే రైళ్లలో చాలావరకు కాజీపేటను పక్కన పెట్టి నేరుగా వరంగల్‌లో ఆగుతాయి. అంటే సాయంత్రం కాజీపేటలో ఉన్నవారికి రెండు దారుల రైళ్లు అందుతాయి, వరంగల్‌లో ఉన్నవారికి ఒక దారివే అందుతాయి. కోట వరంగల్ స్టేషనుకు దగ్గర. హనుమకొండలోని వేయిస్తంభాల గుడి, కాజీపేటకు వెళ్లే దారిలోనే ఉంది. వరంగల్‌లో దిగి కాజీపేటలో ఎక్కితే వచ్చిన దారిలో మళ్లీ వెనక్కి పోయే పని ఉండదు. రెండు స్టేషన్ల సంగతి తెలియక రాను పోను టికెట్లు వరంగల్‌కే తీసుకునేవారు చాలామంది ఉంటారు కాబట్టి దీన్ని ఇంత వివరంగా రాస్తున్నాను.

టికెట్ల విషయం క్లుప్తంగా చెబుతాను. పెద్దవారు తోడున్నప్పుడు జనరల్ బోగీ మీద ఆధారపడకుండా, పగటి రైళ్లలో ఉండే సెకండ్ సిట్టింగ్‌లో సీట్లు ముందే రిజర్వు చేసుకోవడం మంచిది. అరవై రోజుల ముందు నుంచి దొరుకుతాయి, ఖరీదూ తక్కువే. జనరల్ టికెట్టే తీసుకుంటే, రెండు వందల కిలోమీటర్ల లోపు దూరానికి అది ఇచ్చిన సమయం నుంచి మూడు గంటల లోపల, లేదా ఆ తరువాత వచ్చే మొదటి రైలులో, ప్రయాణం మొదలుపెట్టాలనీ, సూపర్‌ఫాస్ట్ రైలు ఎక్కాలంటే అదనపు చార్జీ కలిపి తీసుకోవాలనీ గుర్తుంచుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, సికింద్రాబాదు స్టేషను పునర్నిర్మాణం వల్ల కొన్ని రైళ్లు చర్లపల్లికి మారాయి కాబట్టి, ఏ స్టేషను నుంచి ఎక్కాలో ముందు రోజు రాత్రి మరొకసారి చూసుకుని పడుకోవాలి. మా పక్క సీటులోని కుటుంబంలో సగం మంది సికింద్రాబాదుకు వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో పరుగున చర్లపల్లి చేరుకున్నారు.

ఘట్‌కేసర్, బీబీనగర్ దాటాక భువనగిరి కొండ కనిపిస్తుంది. బోర్లించిన గుడ్డులా ఉండే ఆ ఏకశిల మీద కోట ఉంది. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద ఆ ఊరికి ఆ పేరు వచ్చింది. కోటకు పోయే దారిలో కిటికీలోంచే ఇంకో కోట ఎదురురావడం మంచి శకునమనిపించింది. అక్కడి నుంచి ఆలేరు, కంచు ఇత్తడి పనికి పేరున్న పెంబర్తి, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్. నాన్న ఒక్కొక్క ఊరి పేరూ బోర్డు రాకముందే చెబుతూ వచ్చారు.

వరంగల్ స్టేషను ముఖద్వారం ఊరి వైపు ఉంటుంది, కోట పట్టాలకు అవతల ఉంటుంది. అందువల్ల బయటికి వచ్చాక ఆటో అండర్ బ్రిడ్జి కింద నుంచి శివనగర్ మీదుగా వెళ్లాలి. దూరం రెండు మూడు కిలోమీటర్ల కంటే ఎక్కువ లేదు. ఇక్కడివారు ఆ ప్రాంతాన్ని ఖిలా వరంగల్ అంటారు. ఆటో అన్నను అడిగితే, "తోరణాల కాడికే గదా అక్కా" అన్నాడు. "కాదన్నా, మట్టికోట కాడ దింపు, ఆడికెళ్లి మేం నడుస్తం" అన్నాను. "పెద్దాయన ఉన్నడు గదక్కా, ఎండ ఎక్కుతది" అని ఆయన సందేహించాడు గానీ, నాన్నే ముందు దిగి నిలబడ్డారు. ఆటోను లోపలిదాకా తీసుకువెళ్లినవారికి కోట ఒక గ్రామం మధ్యలో ఉన్న శిథిలాల ఆవరణగా కనిపిస్తుంది. బయటి నుంచి నడిచి వెళ్లినవారికి మాత్రం అది ఒక్కొక్క పొరగా తెరుచుకుంటుంది. ఈ ప్రణాళికలో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క విషయం మీదే.

ముందుగా వచ్చేది మట్టికోట. చూడగానే అది గోడ అని తోచదు. గడ్డి, తుమ్మ చెట్లు మొలిచిన పొడవాటి కట్ట లాగా, చెరువు కట్టేమో అన్నట్టు ఉంటుంది. దాని వలయం అడ్డంగా కొలిస్తే దాదాపు 2.4 కిలోమీటర్లు. ఈ మట్టి గట్టిదనం గురించి 1310 నాటి ముట్టడిని వర్ణించిన దిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో, ఉక్కు ఈటె కూడా అందులో దిగదని రాశాడు. దిల్లీ సేనాని మాలిక్ కాఫర్ సేన ముందుగా ఈ మట్టిగోడను పట్టుకున్న తరువాతే కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకున్నాడు. కట్ట దాటి లోపలికి వెళితే పొలాలు, ఇళ్లు, బడికి పోయే పిల్లలు, ఎండబోసిన మిరపకాయలు. శత్రువు ముట్టడించినప్పుడు లోపలి జనానికి తిండి గింజలు అందాలంటే రెండు గోడల నడుమ ఇంత నేల ఉండాలి కదా అని, ఆ పొలాల గట్టున నడుస్తుంటే తెలిసి వచ్చింది.

తరువాత కందకం, దాని వెనక రాతికోట. కందకంలో ఇప్పటికీ కొన్ని చోట్ల నీళ్లున్నాయి. గణపతిదేవుని కాలంలో మొదలైన రాతిగోడను ఆయన కూతురు రుద్రమదేవి, ఆమె మనవడు ప్రతాపరుద్రుడు ఎత్తు పెంచి, బురుజులు చేర్చి బలపరిచారు. మొత్తం 45 బురుజులు. దాని వలయం అడ్డంగా దాదాపు 1.2 కిలోమీటర్లు కాబట్టి, చుట్టూ నడవాలంటే నాలుగు కిలోమీటర్ల లోపే. నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలున్నాయి. మేము పడమటి ద్వారం నుంచి లోపలికి వెళ్లాము. ఆ దారి తిన్నగా లోపలికి పోదు. ఒక గోడకు ఎదురుగా వెళ్లి పక్కకు తిరిగి, ఎత్తయిన గోడల నడుమ ఒక ముంగిలి దాటి, మళ్లీ తిరిగితే గాని కోట లోపలికి చేరము. ఏనుగులతో తలుపు పగలగొట్టడానికి వేగంగా పరుగెత్తి రావాలంటే ఇక్కడ చోటు దొరకదు. మాకు ఎదురుగా వచ్చిన పాల బండి అతను ఆ మలుపులో బ్రేకు వేసి, హారన్ కొట్టి, మెల్లగా తిప్పుకున్నాడు. వందల ఏళ్ల నాటి ఆ మలుపు ఇంకా తన పని తాను చేస్తూనే ఉంది.

ద్వారం దాటాక వెనక్కి తిరిగి చూడాలి. బయటి నుంచి నిటారుగా కనిపించిన రాతిగోడ, లోపలి వైపు వరసగా మెట్లలాగా ఉంటుంది. గోడ పొడవునా సైనికులు ఎక్కడ నుంచైనా పైకి చేరడానికి వీలుగా కట్టిన మెట్లవి. నాన్న ఆ మెట్ల మీద నీడ ఉన్న చోట కూర్చుని, రెండు రాళ్ల నడుమ సందులో వేలు పెట్టి చూశారు. సున్నం లేదు, రాయి మీద రాయి కూర్చోబెట్టడమే. ఆ సందులో ఆయన గోరు కూడా పూర్తిగా దిగలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న సకినాలు అక్కడే తిన్నాము. బృందంతో వెళ్లినప్పుడు ఇలా అరగంట కూర్చోవడం జరిగే పని కాదు.

నడిమధ్యన స్వయంభూ దేవాలయపు ఆవరణ. నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు, మధ్యలో గుడి ఉండవలసిన చోట విరిగిన కంబాలు, దూలాలు, సగం నందులు. 1323లో దిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ కోటను గెలుచుకున్నాక గుడి నేలకూలింది, ప్రతాపరుద్రుడు బందీగా దిల్లీకి పోతూ నర్మదా తీరంలో ప్రాణం విడిచాడు, ఊరి పేరు సుల్తాన్‌పూర్‌గా మారింది. తోరణాలు మాత్రం నిలిచాయి. వాటి మీద దేవతా మూర్తులు లేకపోవడమే కారణమని కొందరంటారు. రాజసానికి గుర్తుగా కొత్త పాలకులే వాటిని ఉంచుకున్నారని చరిత్రకారులు కొందరంటారు. నాకు రెండో మాటే సబబుగా తోస్తుంది, ఎందుకంటే తోరణాలకు కాస్త పడమరగా ఉన్న ఖుష్ మహల్ అనే దర్బారు మండపం కూడా ఆ ఆవరణను అంటిపెట్టుకునే లేచింది. అధికారం కొత్తదైనా, ఆ నడిబొడ్డు స్థానాన్ని వదులుకోవడానికి ఎవరూ ఇష్టపడలేదు.

తోరణాన్ని మన రాష్ట్ర చిహ్నంలో రోజూ చూస్తూనే ఉంటాము కాబట్టి తెలిసిందే కదా అనుకుంటాము. దగ్గరికి వెళ్లి తల పైకెత్తి చూస్తే మరొకటి. పైదూలం చివర నిలబడ్డ హంసను చాలాసేపు చూశాను. మెడ, రొమ్ము, కాళ్లు అచ్చం పక్షివే. తోక దగ్గరికి వచ్చేసరికి ఈకలు మెలికలు తిరిగి లతలవుతాయి, ఎక్కడ పక్షి ముగిసి ఎక్కడ తీగ మొదలయిందో చెప్పలేము. దాని కింద దూలానికి వేలాడుతున్నట్టు చెక్కిన పూలదండలు, తామర మొగ్గలు. అంత గట్టి రాతిలో దండ కుంగే వంపును అంత మెత్తగా తేవడం చూసి, నాన్న, "దండ బరువు కూడా చెక్కిండ్రు" అన్నారు. ఉదయం పది లోపల వెళితే ఎండ ఏటవాలుగా పడి ఈ చెక్కడాలు లోతుగా కనిపిస్తాయి. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చాక అంతా చదునుగా తోస్తుంది కాబట్టి, గోడల నడకను ముందు పెట్టుకున్నా తొందరగా బయలుదేరడం అవసరం.

ఖుష్ మహల్ లోపల చుట్టుపక్కల దొరికిన శిల్పాలను ఉంచారు. పైకి మెట్లున్నాయి, పై నుంచి తోరణాలు నాలుగూ ఒక్క చూపులో కనిపిస్తాయి, నాలుగు దిక్కులూ ఎంత కచ్చితంగా కుదిరాయో తెలుస్తుంది. అక్కడి నుంచి ఏకశిల గుట్ట కూడా కనిపిస్తుంది. ఒంటిరాయి అన్న ఆ గుట్టే ఓరుగల్లుకు, ఏకశిలానగరానికి పేరు పెట్టింది. గుట్ట ఎక్కాలని మా కాగితం మీద ఉంది గానీ, నాన్న మోకాళ్లను చూసి దాన్ని నేనే కొట్టివేశాను. సాయంత్రం కోటలో జరిగే సౌండ్ అండ్ లైట్ షోను కూడా వదులుకున్నాము. అది చూడాలంటే రాత్రి అక్కడ బస చేయాలి.

భోజనం వేళకు ఆటోలో హనుమకొండ వైపు బయలుదేరాము. దారిలో నాన్న, క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఇదే ఓరుగల్లులో ఒక రోజంతా తిరిగిన సంగతి చెప్పారు. వాళ్లు వాడలు, అంగళ్లు, గుళ్లు చూస్తూ, కోడిపందేలు చూస్తూ, పూటకూళ్లింట్లో భోజనం చేస్తారు. ఒక్క రోజులో ఓరుగల్లును చూసి రావాలనే ఆలోచన మనది కాదనీ, ఆరేడు వందల ఏళ్ల నుంచీ ఉన్నదేననీ ఆయన సంబరం. మేము మెస్సులో పప్పు, పచ్చిపులుసుతో తిన్నాము. పక్కన దుకాణంలో సర్వపిండి కట్టించుకున్నాము.

వేయిస్తంభాల గుడికి గంటన్నర సరిపోయింది. రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ త్రికూటాలయంలో శివ, విష్ణు, సూర్యులకు మూడు గర్భగుడులు; కాకతీయుల స్వతంత్రతను చాటిన శాసనం కూడా అక్కడే ఉంది. ఏళ్ల తరబడి విప్పదీసి ఉంచిన కల్యాణ మండపాన్ని తిరిగి నిలబెట్టి 2024లో తెరిచారు కాబట్టి, పాత ఫొటోలు చూసి వెళ్లేవారికి అది కొత్తగా ఉంటుంది. కాకతీయులు హనుమకొండలో మొదలై ఓరుగల్లుకు తరలివెళ్లారు. రైలు వేళల పుణ్యమా అని మేము వారి చరిత్రను చివరి నుంచి మొదటికి నడిచాము. నల్లరాతి నంది వీపు మీద చేయి ఆనించి నిలబడ్డ నాన్నకు ఆ క్రమమే నచ్చింది, కోట చూశాక గుడిలో చల్లగా కూర్చోవచ్చని.

కాజీపేట చేరేసరికి మా రైలుకు ఇంకా నలభై నిమిషాలుంది. ఆ లోపల రామగుండం వైపు నుంచి ఒక రైలు వచ్చి సికింద్రాబాదుకు వెళ్లిపోయింది. మాది ఆలస్యమై ఉంటే అదే మాకు ఆసరా అయ్యేది. ప్లాట్‌ఫారం మీద సర్వపిండి విప్పి తింటూ, నాన్న ఆ క్యాలెండరు కాగితాన్ని మళ్లీ తీశారు. కొట్టివేసిన ఏకశిల గుట్ట పక్కన "పొద్దున్నే, చల్లగున్నప్పుడు" అని రాసి, దాని కింద తూర్పు ద్వారం పేరు చేర్చి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.